బల్కంపేట నుంచి బ్రూక్‌వుడ్ దాకా

మన ఇళ్లలో విదేశయానానికి సాధారణంగా మూడే కారణాలు వినిపిస్తాయి. హజ్ లేదా ఉమ్రా, గల్ఫ్ ఉద్యోగం, లేదంటే దూరదేశంలో ఉన్న కూతురి పురుడు. "నడవడానికి వెళ్తున్నాం" అంటే బల్కంపేటలో మా వీధివారెవరూ నమ్మలేదు. "నడవడానికి విమానమెక్కాలా?" అని కిరాణా దుకాణం పెద్దాయన నవ్వాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆయన దుకాణం నుంచి అమీర్‌పేట మెట్రో స్టేషన్ దాకా ఒకసారి నడిచి చూసినవారికి నా జవాబు కూడా న్యాయంగానే తోస్తుంది. కాలిబాట మీద బజ్జీల బండ్లు, నిలిపి ఉంచిన మోటారు సైకిళ్లు, కంప్యూటరు కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రవాళ్లు. ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణం నాడైతే కాలు మోపే చోటే దొరకదు. మా పేటలో నడక అవసరం తీర్చుకోవడానికే తప్ప ఆనందానికి కాదు.

పదవీ విరమణ తర్వాత నేనూ మా ఆవిడా ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ కాలువ గట్టు వెంట అయిదు రోజులు నడవాలని నిశ్చయించుకున్నాం. ఆ కాలువనే ఎంచుకోవడానికి ఒక పుస్తకం కారణం. మా అబ్బా ఆబిడ్స్ ఆదివారం సంతలో కొన్న మార్మడ్యూక్ పిక్తాల్ గారి దివ్య ఖుర్‌ఆన్ ఆంగ్లానువాదం మా ఇంట్లో ఉంది. పిక్తాల్ 1925లో హైదరాబాదుకు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రధానాధ్యాపకుడయ్యారు. 1927లో మొదలైన 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసిక పత్రికకు సంపాదకత్వం వహించారు. అనువాదం పూర్తి చేసుకొమ్మని నిజాం ప్రభుత్వం ఆయనకు జీతంతో కూడిన రెండేళ్ల సెలవు ఇచ్చింది. గ్రంథం 1930లో వెలువడింది. మన ఊరి జీతం మీద, మన ఊరి ఎండలో సాగిన పని అది. 1935లో హైదరాబాదు వదిలి వెళ్లిన పిక్తాల్ మరుసటి ఏడు మే నెలలో ఇంగ్లండులో కన్నుమూశారు. ఆయనను ఖననం చేసిన బ్రూక్‌వుడ్ ఆ కాలువ పక్కనే ఉంది.

దారిలో షార్జాలో మూడు రోజులు ఆగాలన్నది అమ్మీ ఆజ్ఞ. అక్కడ మా ఆపా ఉంది. దూల్హాభాయి 2020 జూన్‌లో, విమానాలు ఆగిపోయిన రోజుల్లో, అక్కడే మరణించారు. జనాజాకు మాలో ఒక్కరూ వెళ్లలేకపోయాం. బల్కంపేట ఇంట్లో అందరం ఒక ఫోను చుట్టూ కూర్చుని దుఆ చేశాం. ఆ తర్వాత ఆపా కొడుకు దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆ అబ్బాయికి కెనడాలో ఉద్యోగం కుదిరింది. అతని వీసా మీదే ఆపా నివాసం ఆధారపడి ఉంది గనుక అతడు వెళ్లిపోతే ఆమె కూడా షార్జా విడిచిపెట్టక తప్పదు. కెనడాకు వెళ్లాలా, బల్కంపేటకు రావాలా అన్నదే ప్రశ్న. ఎనభై నాలుగేళ్ల అమ్మీకి ఈ ప్రశ్నే అర్థం కాలేదు. "నా బిడ్డ నా ఇంటికి రావడానికి ఆలోచన దేనికి? తీసుకురా" అని నన్ను పంపింది.

షార్జాలో జూన్ వేడి గురించి చెప్పనక్కరలేదు. ఫజ్ర్ నమాజు కాగానే ఆపా మమ్మల్ని ఖాలిద్ లగూన్ ఒడ్డుకు తీసుకుపోయేది. మా నడక యాత్ర నిజానికి అక్కడే మొదలైంది. ఒడ్డు వెంట విశాలమైన బాట, ఈత చెట్లు, తెల్లవారకముందే చెమటోడుస్తూ నడిచే మలయాళీలు, పాకిస్తానీలు, మన తెలుగువారు. రెండో రోజు ఆపా తనంతట తానే ఎత్తింది. "అమ్మీ ఏం చెప్పి పంపిందో నాకు తెలుసు. ప్రతి శుక్రవారం వాడు నన్ను ఖబరస్తాన్ దగ్గరికి తీసుకుపోతాడు. నేను లోపలికి వెళ్లను. కారులోనే కూర్చుని దుఆ చేసుకుంటాను. అయిదేళ్లలో ఏ ఒకటి రెండు వారాలో తప్పినట్టున్నాయి. ఆయనను ఇక్కడ ఒంటరిగా వదిలి ఎలా రాను, నువ్వే చెప్పు."

నేను చెప్పలేకపోయాను. మరణించిన చోటే ఖననం చేయడం మేలని ఉలమాలు సాధారణంగా చెప్పే మాట నాకు తెలుసు. కానీ అది చనిపోయినవారి విషయం. మిగిలినవారు ఎక్కడ ఉండాలన్నది మరో సంగతి. మూడో రోజు రాత్రి ఆపా కట్టి ఇచ్చిన ఖర్జూరాల డబ్బా పట్టుకుని లండను విమానమెక్కాం.

లండను వాటర్లూ స్టేషన్ నుంచి వోకింగ్ పట్టణానికి రైలులో అరగంట. మేం అక్కడే ఒక చిన్న బసలో అయిదు రాత్రులూ ఉన్నాం. కాలువకూ రైలు మార్గానికీ మధ్య దూరం తక్కువ. పొద్దున ఆగిన చోటు నుంచి నడక మొదలుపెట్టి, సాయంత్రం దగ్గరి స్టేషన్‌లో రైలెక్కి బసకు తిరిగి రావచ్చు. సామాను మోయనక్కరలేదు. మోకాళ్ల నొప్పులున్నవారు గుర్తుంచుకోదగ్గ సౌకర్యమిది.

1794లో పూర్తయిన ఈ కాలువలో నేడు పడవలు తిరిగేది దాదాపు యాభై కిలోమీటర్లు. ఎం-25 రహదారి వంతెన కింద, లారీల హోరులో మొదలై రెండు మలుపుల్లోనే నిశ్శబ్దంలోకి జారుకుంటుంది. మొదటి లాకు కనిపించగానే మా ఆవిడ ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు దుగ్గిరాల. "ఏమండీ, ఇవి మన లాకులే కదా!" అంది. అవే. ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు, మధ్యలో నీళ్లు నింపి పడవను పైకెత్తే గది. నీటికి కట్టిన మెట్లు. మన డెల్టాలో లాకుల మీద పడవలు మాయమై చాలాకాలమైంది. ఇక్కడ చేపట్టిన మరమ్మతులు ముగిసి 1991లో కాలువ మళ్లీ తెరుచుకుంది. వృద్ధ దంపతులు తమ పడవను తామే నడుపుకుంటూ, ఒకరు దిగి తలుపు నెట్టడం చూసి మా ఆవిడ వెళ్లి ఒక చేయి వేసింది.

నడిచేవారి హక్కు అక్కడ ఎంత గట్టిదో చెప్పాలి. పూర్వం నుంచి జనం నడుస్తున్న బాట ఎవరి పొలంలోంచి పోయినా దాన్ని మూయడానికి వీల్లేదు. అలాంటి బాటలన్నింటినీ పటాల్లో నమోదు చేయాలని 1949 చట్టం నిర్దేశించింది. మనకూ పుంతలుండేవి, డొంకలుండేవి, తెలంగాణలో బండ్లబాటలుండేవి. ఎన్ని మిగిలాయో పాఠకులు తమ ఊళ్లలో చూసుకోవచ్చు.

ఎదురైన ప్రతి మనిషీ పలకరించి వెళ్లడం మాకు నచ్చింది. ఊరి మధ్య కళ్లెత్తి చూడనివారు కూడా గట్టు మీదికి రాగానే శుభోదయం చెబుతారు. కుక్కలే కాస్త ఇబ్బంది. అవి మూతి పెట్టి వాసన చూస్తాయేమోనని వుజూతో ఉన్నప్పుడు పక్కకు తప్పుకునేవాళ్లం. యజమానులు అర్థం చేసుకుని వెనక్కు పిలిచేవారు. సీసా నీళ్లతో వుజూ చేసి, లాకు పక్కన గడ్డి మీద చాప పరచి రెండు రకాతుల ఖస్ర్ నమాజు చేసుకునేవాళ్లం. మన ఊళ్లో కళ్లు మూసుకున్నా పడమటికే తిరుగుతాం. అక్కడ ఖిబ్లా ఆగ్నేయ దిక్కు. అలవాటైన దేహానికి మొదటి రెండు రోజులు అది వింతగా తోచింది. మగ్రిబ్ రాత్రి తొమ్మిది దాటాక గాని రాదు. ఇషా చేసి పడుకుంటే కళ్లు మూతపడేలోపే ఫజ్ర్.

వోకింగ్‌లోని షాజహాన్ మస్జిద్ 1889 నాటిది. బ్రిటన్‌లో మస్జిద్‌గానే నిర్మించిన మొదటి కట్టడం. ముస్లిం కాని లైట్నర్ అనే భాషావేత్త పూనుకుని కట్టించగా, ఖర్చులో పెద్ద భాగం భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ఇచ్చారు. తెల్లని ముఖభాగం, ఆకుపచ్చ గుమ్మటం, చుట్టూ పైన్ చెట్లు, పక్కనే రైళ్ల చప్పుడు. దాని పక్కనున్న ఇంటి పేరు చదివి నేను నిలబడిపోయాను. సర్ సాలార్‌జంగ్ స్మారక గృహం. మ్యూజియంతో మనకు పరిచయమైన మూడో సాలార్‌జంగ్ కాదు, 1883లో మరణించిన ఆయన తాత, హైదరాబాదు దివాను. ఇమాములు నివసించిన ఇల్లది. మస్జిద్ లోపల రెండు రకాతులు చేసుకుని బయటికి వచ్చాక మా ఆవిడ అంది: "ఒక బేగం డబ్బిచ్చిన మస్జిద్ ఇది. ఈ సంగతి మన పిల్లల పుస్తకాల్లో ఎందుకు లేదు?"

అక్కడికి కొద్ది దూరంలో హార్సెల్ పచ్చిక మైదానం అంచున ఎర్ర ఇటుకల ప్రాకారం, గుమ్మటాల వాకిలి ఉన్న చిన్న తోట ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి దక్షిణ ఇంగ్లండు ఆసుపత్రుల్లో మరణించిన భారతీయ ముస్లిం సైనికుల కోసం కట్టిన ఖబరస్తాన్ అది. వారి ఖననం ధర్మబద్ధంగా జరగడం లేదని జర్మనీ ప్రచారం చేస్తుండగా, ఆ మాటకు జవాబుగా బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని సిద్ధం చేయించింది. యుద్ధ అవసరం లేకపోతే కట్టేవారా అన్న అనుమానం నాకు మిగిలే ఉంది. 1960ల చివర సమాధులను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానవాటికకు తరలించారు. ఖాళీ అయిన స్థలం 2015లో శాంతివనమైంది. శిల మీద 27 పేర్లు, వారి గుర్తుగా 27 హిమాలయ బిర్చ్ చెట్లు.

రెండో రోజు నడక వోకింగ్ నుంచి బ్రూక్‌వుడ్‌కు. సెయింట్ జాన్స్ దగ్గర అయిదు లాకులు, తర్వాత మరో మూడు. తామరాకుల మీద తూనీగలు, ఒంటికాలి మీద కొంగ. మధ్యాహ్నానికి బ్రూక్‌వుడ్ చేరాం. బ్రిటన్‌లో అతి పెద్ద ఖనన ప్రాంగణమిది. 1854లో తెరిచినప్పుడు లండను నుంచి శవపేటికలను ప్రత్యేక రైలులో తెచ్చేవారు. అప్పట్లో నాటిన సెక్వోయా చెట్లు ఇప్పుడు తల వెనక్కు వంచినా కొస కనబడనంత పెరిగాయి. 1884 నుంచి ఇందులో ముస్లింల విభాగం ఉంది. ఆ దేశంలో ఇంతకన్నా పాత ముస్లిం ఖబరస్తాన్ లేదు.

మా ఆవిడ ఆపాలాగే లోపలికి రాలేదు. బాట పక్కన చెట్టు నీడలో కూర్చుంది. నేను సలాం చెప్పి లోపలికి వెళ్లి పిక్తాల్ గారి సమాధి దగ్గర దుఆ చేశాను. అదే ఖబరస్తాన్‌లో అబ్దుల్లా యూసుఫ్ అలీ ఉన్నారు. మన ఇళ్లలో కనిపించే రెండో ఆంగ్లానువాదం ఆయనదే. ఆయనా 1920ల ఆరంభంలో నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ బాధ్యతలు నిర్వహించినవారే. 1953 డిసెంబరు చలిలో లండనులో ఒక ఇంటి మెట్ల మీద దిక్కు లేకుండా, మతి స్థిమితం లేని స్థితిలో పోలీసులకు కనిపించి, మరునాడే మరణించారు. బంధువులెవరూ రాలేదు. పాకిస్తాన్ హైకమిషన్ ఖననం ఏర్పాటు చేసింది. ఇంగ్లండులో పుట్టి హైదరాబాదులో పని చేసి వచ్చినవారొకరు, భారతదేశంలో పుట్టి ఇంగ్లండులో ఒంటరైనవారొకరు. ఇద్దరి పుస్తకాలూ బల్కంపేటలో మా ఇంటి ఒకే అరలో ఉన్నాయి. తర్వాత సైనికుల వరుసల దగ్గరికి కూడా వెళ్లాను. పంజాబు, సరిహద్దు ప్రాంతాల పేర్లు. గడ్డి సమంగా కోసి ఉంది. వారి మనుమలు ఎక్కడున్నారో.

ఆ సాయంత్రం ఆపాకు ఫోన్ చేసి చూసినదంతా చెప్పాను. సలహా ఏమీ ఇవ్వలేదు. ఆమె చాలాసేపు విన్నది.

"అన్నేళ్లుగా వాళ్లకు ఎవరున్నారు?" అంది చివరికి.

"ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు ఆపా. ఈ రోజు నేను వెళ్లాను."

"నువ్వు వాళ్లకు ఏమవుతావు?"

"ఏమీ కాను."

కొంచెం ఆగి, "ఇక్కడ ఈయన స్నేహితులు కొందరున్నారు. జుమా తర్వాత వెళ్తూనే ఉంటారు" అంది. అది తనకు తాను చెప్పుకుంటున్నట్టు అనిపించి నేను బదులు పలకలేదు.

మిగిలిన మూడు రోజుల్లో డీప్‌కట్ దగ్గర అడవిలో వరుసగా 14 లాకులు ఎక్కాం. ఫార్న్‌బరో దగ్గర చిన్న విమానాలు తలల మీదుగా దిగుతుంటే మా ఆవిడ ప్రతిసారీ వంగింది. నాలుగో రోజు వాన. అయిదో రోజు ఓడియం కోట శిథిలాలు దాటి గ్రేవెల్ సొరంగం చేరాం. 1932లో లోపల కప్పు కూలడంతో పడవల దారి అక్కడితో ఆగింది. ఇప్పుడది గబ్బిలాల నివాసం. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి.

అక్కడ ఖర్జూరాల డబ్బాలో మిగిలిన నాలుగూ తింటుండగా ఆపా సందేశం వచ్చింది. అమ్మీ గదిలో ఏసీ పనిచేస్తుందా అని అడిగింది. పనిచేస్తుందని రాశాను. "సరే, రంజాన్ అయ్యాక మాట్లాడుకుందాం. అమ్మీకి ఇప్పుడే ఏమీ చెప్పకు" అని జవాబిచ్చింది. మేం లేచి హుక్ స్టేషన్ దారి పట్టాం.