రామంతాపూర్ డాబాపై ఉల్కల వాన

పిల్లలూ! ఏటా డిసెంబరు 13 రాత్రి రామంతాపూర్‌లో డాబా ఎక్కి చూడండి. ఉప్పల్ రోడ్డు దీపాలు కంటికి తగలని మూల చాప పరచి, వెల్లకిలా పడుకోండి. రెండు గంటల వేళకు నడినెత్తిన పునర్వసు జంట చుక్కలుంటాయి. ఉల్కలు ఆ దిక్కునుండే దూసుకు వస్తాయి.

రాలేవి చుక్కలు కావు సుమా! 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం దారిపొడుగునా విడిచిన రేణువులు. సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో మన గాలిలో చొరబడి, మండిపోతాయి.

ఊరి వెలుతురులో సన్నవి కనబడవు, పెద్దవే చిక్కుతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 1960ల చివర 48 అంగుళాల దూరదర్శినిని జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పింది చీకటి కోసమే. మీ కన్ను చీకటికి అలవాటు పడేందుకు ఇరవై నిమిషాలు కావాలి. ఈలోగా నాన్నగారి ఫోను వెలగనివ్వకండి!