తక్కెడకి అవతలి వైపు

కూరగాయల దగ్గర బేరమాడని ఆడది ఉందంటే నేను నమ్మను. పట్టుచీర దగ్గర వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి నవ్వుతూ ఇంటికొచ్చే మనిషే, బెండకాయల దగ్గర రూపాయి కోసం పది నిమిషాలు నిలబడుతుంది. బెండకాయ కొస విరిచి చూస్తుంది, సొరకాయని గోటితో గిచ్చి చూస్తుంది, అన్నీ అయ్యాక "కొసరు కరివేపాకు వెయ్యవయ్యా" అంటూ సంచి చాపుతుంది. ఇంకొకరి సంగతి దేనికి, ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేనూ తక్కెడకి ఇవతల నిలబడి ఈ విద్యలన్నీ ప్రదర్శించినదాన్నే. 2003లో అవతలి వైపుకు వెళ్ళాను. అక్కణ్ణుంచి చూస్తే వంకాయ కూడా వేరుగా కనపడుతుందండీ!

మాది నెల్లూరు జిల్లా బిట్రగుంట. బెజవాడ నుంచి గూడూరు పోయే రైలు మార్గంలో కావలి దాటాక వస్తుంది. ఇప్పటి పిల్లకాయలకి అదొక చిన్న స్టేషను. ఆవిరి ఇంజన్ల రోజుల్లో దాని దర్జాయే వేరు. లోకో షెడ్డు, రైల్వే కాలనీ, డ్యూటీ దిగి మసి చేతులతో ఇంటికి పోయే డ్రైవర్లు, ఫైర్‌మన్లు. 1980 ప్రాంతంలో ఈ లైనుకు కరెంటు వచ్చింది. బొగ్గు ఇంజన్లు పోయాయి, షెడ్డుకు పని పోయింది. ఒక్కొక్క కుటుంబమే సామాను సర్దుకుని బదిలీ మీద వెళ్ళిపోయింది. కాలనీలో చెట్లు మిగిలాయి, కొట్లవాళ్ళకి బేరాలు తగ్గాయి.

ఆ తగ్గిన బేరాలతోనే ఒక పెద్దాయన కూరగాయల కొట్టు నడుపుకొస్తుండేవాడు. వయసు మీదపడి, చెన్నైలో కొడుకు దగ్గరికి పోదామని కొట్టు అమ్మకానికి పెట్టాడు. ముప్ఫై వేలు చెప్పాడు. అందులో ఏమేం వస్తాయంటే: అద్దె కొట్టు, ముందు రేకుల చూరు, రెండు బల్లలు, ఒక తక్కెడ, తూకం రాళ్ళు, డజను వెదురు బుట్టలు. మా వారు వెళ్ళి అంతా చూసొచ్చి, "ఈ బుట్టలకి ముప్ఫై వేలా?" అన్నారు. ఆయనది రైల్వేలో చిన్న ఉద్యోగం. ఇద్దరాడపిల్లలు కాలేజీకి ఎదుగుతున్నారు. జీతం మాత్రం ఎదగడం లేదు.

మా అత్తగారికి అసలు బెంగ డబ్బు గురించి కాదు. "మనింటి ఆడోళ్ళు బజార్లో తక్కెడ పట్టుకోనుంటే నలుగురూ ఏమనుకుంటారే?" అంది. నలుగురూ ఫీజులు కట్టరు కదత్తా అన్నాను. ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

డబ్బు ఎక్కడిదంటారా? మా జిల్లా ఆడవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా పోయింది. ఆ ఊపులోనే మా జిల్లాలో రోజుకు రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' మొదలయింది. సారా కొట్టుకు పోయే రూపాయి వంటింటి డబ్బాలోకి మళ్ళితే ఏమవుతుందో అప్పుడు చూశాం. మా గుంపు నుంచి పదిహేను వేలు అప్పు తీసుకున్నాను. మిగతా పదిహేను వేలకి నా రెండు పేటల గొలుసు బ్యాంకుకి వెళ్ళింది. కొట్టు మునిగితే గొలుసు పోవడంతో సరిపోదు. గుంపులో మిగతా పద్నాలుగు మంది ఆడవాళ్ళ ముఖం చూడలేను. నిద్రపట్టనిది అందుకే.

బేరం కుదిరే రోజున పెద్దాయన అరువు పుస్తకం కూడా బయటికి తీశాడు. ఊళ్ళో రావలసిన బాకీలు తొమ్మిది వేలు, ఆరు వేలిస్తే అవీ నీవేనమ్మా అన్నాడు. "ఊరి బాకీలు కొనుక్కునే తెలివి మనకొద్దు" అన్నారు మా వారు. నాకూ వద్దు. కానీ, "తాతా, బాకీలు నువ్వే వసూలు చేసుకో, పుస్తకం మాత్రం రెండు రోజులు నా దగ్గర ఉంచు" అన్నాను. ఆయన నవ్వి ఇచ్చాడు.

ఆ రెండు రాత్రులూ నవల చదివినట్టు చదివాను. జీతాల వారంలో ఏ ఇంటికి ఉర్లగడ్డలు, యాపిల్ పళ్ళు వెళతాయో, ఇరవయ్యో తారీఖు దాటాక ఏ ఇల్లు ఆకుకూరలోకి దిగుతుందో, శనివారాలు ఎవరింట్లో ఎర్రగడ్డలు (మీ వైపు ఉల్లిపాయలంటారు) ముట్టరో, చక్కెర జబ్బుతో ఎవరు వారానికి మూడుసార్లు కాకరకాయ తింటారో, అన్నీ అందులో ఉన్నాయి. పుల్లమామిడి రాసుందంటే ఆ రోజు ఆ ఇంట్లో చేపల పులుసన్నమాట. నెల్లూరు పులుసులో మామిడికాయ పడకపోతే పొయ్యి కూడా ఒప్పుకోదు! మా వారు వెటకారం చేసిన ఆ ముప్ఫై వేలు బుట్టలకి కాదు, ఈ పుస్తకానికని నాకప్పుడు తెలిసింది.

ఇక అసలు లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. పాతిక కిలోల టమాటా పెట్టె నాలుగు వందలకి పడిందనుకోండి. ఆటో కిరాయి ముప్ఫై. మొత్తం 430. పెట్టె విప్పితే అడుగున నలిగినవీ చితికినవీ మూడు కిలోలు పోతాయి. అమ్మకానికి మిగిలింది 22 కిలోలు. పొద్దున తాజాగా ఉన్నప్పుడు 14 కిలోలు పాతిక లెక్కన అమ్మితే 350 వచ్చింది. సాయంత్రానికి కాయ వడలుతుంది కాబట్టి మిగతా ఎనిమిది కిలోలు ఇరవై లెక్కన పోతే 160. వెరసి 510. లాభం 80 రూపాయలు. ఇప్పుడు ఆ ఎనిమిది కిలోల్లో నాలుగు అమ్ముడుపోలేదనుకోండి. ఎనభై తగ్గింది. అంటే లాభం సున్న! రోజల్లా నిలబడ్డందుకు నడుం నొప్పి మిగిలింది. అద్దె, కరెంటు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇందులోని కీలకం చూశారా? కూరగాయల కొట్టులో లాభం పొద్దున అమ్మిన పధ్నాలుగు కిలోల్లో లేదు. సాయంత్రం మిగిలిన నాలుగు కిలోల్లో ఉంది. బియ్యం కొట్టువాడు తాళం వేసి నిద్రపోవచ్చు. కూరగాయల కొట్టువాడి పెట్టుబడి మాత్రం రాత్రిపూట కూడా వడలుతూనే ఉంటుంది.

మిగిలినదాన్ని ఏం చెయ్యాలో మగవాళ్ళకి వ్యాపారశాస్త్రం నేర్పాలేమో గానీ, మనకి నేర్పక్కర్లేదు. నిన్నటి పప్పు ఇవాళ చారయ్యే ఇళ్ళలో పుట్టిన వాళ్ళం కదా! సాయంత్రం ఆరయ్యేసరికి మునక్కాయ, గుమ్మడి, ముల్లంగి, వంకాయ తలా కాస్త చేర్చి సాంబారు పొట్లాలు కట్టాను. డ్యూటీ దిగి వచ్చే వాళ్ళకి తరిగే పని ఎంత తగ్గితే అంత సంతోషం. పండిన టమాటాలు రాత్రికి రాత్రి పచ్చడయ్యాయి. పొదలకూరు, గూడూరు వైపు నుంచి వచ్చే నిమ్మకాయలు పసుపు తిరిగితే ఊరగాయ జాడీలోకి దిగాయి. గోరుచిక్కుడు, వంకాయ, మామిడి ముక్కలు మేడ మీద ఎండి ఒరుగులయ్యాయి. వానాకాలంలో ఆ ఒరుగులే తాజా కూరకంటే ఎక్కువ ధర పలికాయి. ఇక దేనికీ పనికిరానివి గేదెలున్న ఇంటికి పోతే, బదులుగా మాకు గట్టి పెరుగు వచ్చింది. ఒరుగుల దగ్గర కాకులు తోలడానికి కూర్చున్నదెవరనుకున్నారు? మా అత్తగారే. నలుగురూ ఏమనుకుంటారన్న ఆవిడే, మరుసటేడు గల్లాపెట్టె దగ్గరికి చేరి ఆ నలుగురికీ చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

కొనడంలోనూ పంచాంగం ఒకటుంది. జువ్వలదిన్నె వైపు నుంచి చేపల గంపలు బాగా వచ్చిన రోజున బీరకాయని ఎవరూ పలకరించరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అప్పుడు చూడాలి కూరగాయలకి మర్యాద! కార్తీకమాసం సరేసరి. పళ్ళు నేను రెండో ఏటగానీ పెట్టలేదు. అరటిపళ్ళతో మొదలుపెట్టాను. వాటి పక్కన పండిన యాపిల్ పెడితే, అది వదిలే ఇథిలీన్ వాయువుకి అరటిపళ్ళూ తొందరగా మాగిపోతాయి. అమ్ముడుపోవాలంటే పక్కన పెట్టాలి, ఆగాలంటే దూరం పెట్టాలి. మామిడిపళ్ళు గడ్డిలో మాగేసినవే తెస్తాను. కార్బైడుతో మాగేసిన పళ్ళు అమ్మకూడదని 2011 నిబంధనల్లో ఉన్నా, పైకి పసుపు లోపల పులుపు ఉన్న కాయలు మార్కెట్లో ఇప్పటికీ ఎదురవుతూనే ఉంటాయి. వాసన చూసి కొనడమే మందు.

2023 జులైలో టమాటా కిలో నూరు దాటి ఇంకా పైకి పోయింది గుర్తుందా? ఆ ధరలో ఒక్క కిలో కుళ్ళినా రోజు సంపాదన పోయినట్టే. ఒక్క పెట్టె తెచ్చి మరో ఇద్దరు కొట్లవాళ్ళతో పంచుకున్నాం. ఒక టీచరమ్మ వచ్చి, అటూ ఇటూ చూసి, "రెండు కాయలు చాలు" అంది గొంతు తగ్గించి. ఆవిడ సంచిలో రెండు టమాటాలతోపాటు ఒక చుక్కకూర కట్ట పెట్టి, "పప్పులోకి పులుపు ఇదీ ఇస్తుందమ్మా, మన అమ్మమ్మలు రామములక్కాయ ముఖం చూడకుండానే కాపురాలు చేశారు" అన్నాను. ఆ నెలంతా చుక్కకూర, గోంగూర తెచ్చినవి తెచ్చినట్టే పోయాయి. ఆవిడ ఇప్పటికీ మా దగ్గరే కొంటుంది.

గుంపు అప్పు రెండేళ్ళలో తీరింది, గొలుసు మూడో ఏట ఇంటికొచ్చింది. పిల్లలిద్దరి చదువులూ కొట్టు మీదే నడిచాయి. పక్క గది కూడా తీసుకుని పళ్ళకి వేరే చోటు చేశాం. ఇప్పుడు డబ్బులు ఫోనులో పడితే పెట్టె అరుస్తుంది. తక్కెడ పోయి కరెంటు కాటా వచ్చింది. కొసరు కరివేపాకు మాత్రం అలాగే ఉంది. అది ఆపితే ఊరు ఊరుకుంటుందా?

మీలో ఎవరికైనా ఇలాంటి కొట్టు తీసుకోవాలని ఉంటే ఒక మాట. పొద్దున పోయి చూడకండి. పొద్దుటిపూట నీళ్ళు చల్లిన కూరగాయల కొట్టు పెళ్ళిచూపుల్లో అమ్మాయిలా ముద్దొస్తుంది. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళండి. వెనక్కి పోయి బుట్టల్లో ఏం మిగిలిందో, మిగిలినదాన్ని వాళ్ళేం చేస్తున్నారో చూడండి. ధర అప్పుడు అడగండి.