నాలుగంగుళాల దూలం... పదిహేను వేల చప్పట్లు!

జనవరి నెల, శుక్రవారం సాయంత్రం. వాసాచ్ కొండలు మంచు కప్పుకుని తెల్లగా మెరుస్తుంటాయి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో, యూనివర్సిటీకి వెళ్లే రైలు మాత్రం ఎర్రచొక్కాలతో కిక్కిరిసి ఉంటుంది. తాతయ్యలు, అమ్మమ్మలు, ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న చిన్నారులు... అందరి దారీ హంట్స్‌మన్ సెంటర్‌కే. ఏ సినిమా తారో వచ్చిందనుకునేరు! వాళ్లు చూడబోయేది యూటా యూనివర్సిటీ అమ్మాయిల జిమ్నాస్టిక్స్.

పదిహేను వేల సీట్ల ఇండోర్ స్టేడియం అది. 2015లో మిషిగన్‌ జట్టుతో పోటీకి ఏకంగా 16,019 మంది వచ్చారు. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్... ఒక్కోదాంట్లో ఆరుగురు పోటీపడితే మెరుగైన అయిదు స్కోర్లే లెక్కలోకొస్తాయి. నాలుగంగుళాల వెడల్పున్న బీమ్ మీద అమ్మాయి గాల్లోకి లేస్తే అంత పెద్ద హాలూ ఊపిరి బిగబడుతుంది. కాలు నిలిచిందా... కప్పు ఎగిరిపోయేంత కేక!

మొదట్లో ఈ సందడేమీ లేదు. చదువుల్లో ఆడపిల్లలపై వివక్ష చూపకూడదంటూ 1972లో చట్టం వచ్చింది. మూడేళ్ల తర్వాత ఇక్కడ మహిళల జట్టు మొదలైంది. కోచ్ గ్రెగ్ మార్స్‌డెన్ 40 ఏళ్లు దాన్ని నడిపించారు. ఒకప్పుడు ఇదే జట్టులో ఆడిన ఆయన భార్య మేగన్ కూడా కోచ్‌ అయ్యారు. 1981 నుంచి 1995 మధ్య పది జాతీయ టైటిళ్లు! 2023 చివర్లో పగ్గాలు కార్లీ డాకెండార్ఫ్ చేతికొచ్చాయి.

మరి డబ్బు సంగతి? ఇన్ని టికెట్లు అమ్ముడుపోయే జట్లు అరుదు. చాలా యూనివర్సిటీల్లో మహిళల జిమ్నాస్టిక్స్ ఖర్చును అమెరికన్ ఫుట్‌బాల్ ఆదాయమే మోస్తుంది. ఏళ్ల తరబడి జట్టుకు 12 స్కాలర్‌షిప్పులే ఉండేవి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన చోట 20 మందికీ ఇచ్చే వీలు కలిగింది. క్రీడాకారులకు యూనివర్సిటీ నేరుగా డబ్బు చెల్లించవచ్చు కూడా. మొదటి ఏడాది పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అయితే అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కుర్రాళ్లదే. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే కత్తి ఎవరి మీద పడుతుందోనన్నదే చిన్న ఆటల భయం.

ఆటతో పాటు చదువూ తప్పదు. సీజన్లో సాధన వారానికి 20 గంటలు మించకూడదు, ఒకరోజు సెలవివ్వాలి. రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తికావాలి. లేదంటే పోటీల్లో దిగే అర్హత ఉండదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, బాస్కెట్‌బాల్‌లోలా చదువయ్యాక ఆడుతూ బతకడానికి ఇక్కడ పెద్ద లీగులేం లేవు. టోక్యో ఒలింపిక్స్‌లో రజతాలు గెలిచిన మైకేలా స్కిన్నర్, గ్రేస్ మెక్‌కాలమ్ కూడా ఈ జట్టు అమ్మాయిలే. అంతటి పేరు అందరికీ రాదుగా! చాలామందికి ఇరవై రెండేళ్లకే ఆట ముగుస్తుంది.

అందుకే సొంతగడ్డపై ఆఖరి పోటీ రోజున చివరి ఏడాది అమ్మాయిలకు వీడ్కోలు పలికేటప్పుడు చాలా కళ్లు చెమర్చుతాయి. ఆ రాత్రితో చప్పట్లు ఆగిపోతాయి. చేతిలోని డిగ్రీ మాత్రం జీవితాంతం తోడుంటుంది.