కడబంతి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. ఆ సామెత కట్టినవాళ్లెవరో గానీ వడ్డించే ఆడమనిషిని లెక్కలోకి తీసుకోలేదు. మా అమ్మ దాదాపు యాభై ఏళ్లు తన చేత్తోనే వడ్డించింది. అయినా ఆమెది కడబంతే.

రాజాం దగ్గర మా ఊళ్లో భోజనానికి మర్యాదలు బోలెడు. తాతయ్య పీట మీద కూర్చుని మొదటి ముద్ద కలిపేదాకా పిల్లలం కంచంలో చెయ్యి పెట్టకూడదు. ఎడమచేత్తో వడ్డించకూడదు. మధ్యలో లేవకూడదు, ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకోకూడదు. పెళ్లిళ్లలో సీతంపేట కొండల్లో గిరిజన స్త్రీలు కోసి తెచ్చిన అడ్డాకుల విస్తర్లు. ముందు మగవాళ్ల బంతి, తర్వాత పిల్లలది, ఆనక ఆడవాళ్లది. చైనాలోనూ పెద్దవాళ్లు పుల్లలు అందుకున్నాకే చిన్నవాళ్లు తినడం మొదలుపెట్టాలట. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చితే చనిపోయినవాళ్లకు వెలిగించే అగరొత్తుల్లా ఉంటాయని కోప్పడతారట. పెద్దల్ని గౌరవించడంతో నాకు పేచీ లేదు. మా నానమ్మ తాతయ్య కంటే నాలుగేళ్లే చిన్న. మరి ఆవిడ పెద్దరికం వంటగది గుమ్మం దాటి ఎందుకు రాలేదన్నదే నా పేచీ.

ఎవరూ నోటితో చెప్పని మర్యాద ఇంకొకటుంది. గిన్నెలో ఎంత మిగిలిందో మగవాళ్లు చూడకూడదు. చేపల పులుసు వండిన రోజు అమ్మకి పులుసే మిగిలేది. వేళకాని వేళ చుట్టం వస్తే అదీ లేదు, గంజీ ఉల్లిపాయా. "నాకు ముక్కలు సయించవు" అనేది. నాన్న ఆ మాట చివరిదాకా నమ్మారు.

1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ ఉంది కదా, విజయనగరంలో నలుగురికీ వండిపెట్టి బతికే వితంతువు. ఆవిడ చీపురుకట్ట గురించి మనం చాలానే మాట్లాడుకున్నాం. ఆవిడ ఏ వేళకు తిన్నదో, ఏం తిన్నదో అడిగిన వ్యాసం నా కంటపడలేదు.

నాన్న పోయిన మూడో ఏట, 2018లో, అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడు గ్రాములు. "రోజూ ఏం తింటావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. అమ్మ వరసగా చెప్పుకుపోయింది: పప్పు, వంకాయ కూర, గుడ్డు, చేపలు. డాక్టరమ్మ కాసేపు విని, "వండినవి కాదమ్మా, తిన్నవి చెప్పు" అంది. అమ్మ నావైపు చూసింది, ఆ ప్రశ్న తనని కాదన్నట్టు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత. ఐరన్ మాత్రలు పంచుతున్నారు, పంచాల్సిందే. కానీ గిన్నె ఎవరి దగ్గర అడుగంటుతోందో ఏ మాత్ర మీదా రాసి ఉండదు.

ఇప్పుడు అమ్మ విజయనగరంలో నా దగ్గరే. గిన్నెలు మధ్యలో పెట్టుకుని అందరం ఒకేసారి కూర్చుంటాం. మొదట్లో గరిటె పట్టుకుని నిలబడే ఉండేది. కూర్చోబెడితే గబగబా నాలుగు ముద్దలు మింగి లేచిపోయేది. నెలలు పట్టింది. మొన్న మా అబ్బాయి కూరగిన్నె వంచుకోబోతుంటే ఆపింది.

"ఒరే గుంటడా, ఉండు. నాకింకా కావాల."

వాడు గిన్నె అటు జరిపాడు.