తెలిసిన లెక్క తప్పుట

పరీక్ష వ్రాసి ఇల్లు చేరిన పిదప ప్రశ్నపత్రమును మరల చూచి, “అయ్యో, ఇది నాకు వచ్చినదే!” అని తల పట్టుకొనుట మీలో చాలమందికి అనుభవమే. పెద్దలు దీనిని అజాగ్రత్త అందురు. ఆ మాట మందలించుటకు పనికివచ్చును గాని కారణమును తెలుపదు. చోడవరము ప్రాంతమున ముప్పది యేండ్లకు పైగా పత్రములు దిద్దిన నాకు తోచినది వేరు. ఇట్టి తప్పులు తఱచుగా బాగుగ అభ్యసించినవారే చేయుదురు.

ఒక బాలుడు వైశాల్యముపై ఇరువది లెక్కలు చేసెననుకొనుడు. పరీక్షలో, “చెఱకు తోట పొడవు 60 మీటర్లు, వెడల్పు 40 మీటర్లు. చుట్టును ఒక వరుస కంచె వేయుటకు ఎంత తీగ కావలెను?” అని యడిగిరి. ఆ రెండు సంఖ్యలు కనబడగానే వాడు గుణించి 2400 అని వ్రాయును. చుట్టుకొలత 200 మీటర్లని వానికి తెలియకపోలేదు. కన్ను “కంచె” వఱకు పోకముందే అలవాటు పని ముగించినది.

మన భాష వలన మఱియొక చిక్కు కలదు. తెలుగులో కాదనుమాట తుదకు వచ్చును. “క్రింది వానిలో సరికానిది ఏది?” అన్నచో తొందరపడు కన్ను “సరి” వద్దనే ఆగును. సరిచూచుకొనునప్పుడును ఈ తప్పు దొరకుట కష్టము. ఏలన, మనము జవాబును మాత్రము చూతుము, ప్రశ్నను మరల చదువము. మా వైపు బెల్లము వండువారు ఎంత నేర్పరులైనను పాకపు బొట్టును చన్నీట వేసి చూడక పెనము దింపరు. వారికి పని రాదనియా?

ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ఎన్.ఎం.ఎం.ఎస్. అను జాతీయ ఉపకారవేతన పరీక్ష కలదు. మన రాష్ట్రమున 180 నిమిషములలో 180 ప్రశ్నలు. ఎంపికైనవారికి తొమ్మిదవ తరగతి నుండి నాలుగేండ్లు, ఏటికి 12,000 రూపాయలు లభించును. మా వీధిలో చెఱకు నరుకు కూలివారి బిడ్డ యొకతె దీనిని వ్రాసినది. ఒక ప్రశ్న కఠినమని తోచి, తరువాత చూతమని విడిచినది. కాని ఓ.ఎం.ఆర్. పత్రములో దాని వరుసను విడువలేదు. అది మొదలు ప్రతి జవాబును ఒక వరుస పైకి జరిగెను. బుద్ధియంతయు ప్రశ్నలపైననే యుండుటచే వరుసల లెక్క చేతికి వదలివేసినది. కడపటి వృత్తమును నింపిన తరువాత ఒక వరుస ఖాళీగా మిగిలెను. అప్పుడుగాని సంగతి తెలియలేదు. గంట మ్రోగెను. సిరాతో నింపినది చెరుపుటకు వీలులేదు. యంత్రము వరుసను చూచునే గాని ఉద్దేశమును చూడదు కదా! ఆమె పేరు జాబితాలో రాలేదు.

వేలు పెట్టి చదువుట చిన్నపిల్లల అలవాటని మనము మాన్పింతుము, ఏల మాన్పింతుమో! ఈ యేడు ఆమె తమ్ముడు ఎనిమిదవ తరగతి. సాయంకాలము అరుగుపై వానిని కూర్చుండబెట్టి, కొలబద్ద వరుస క్రింద ఉంచి, పదేసి ప్రశ్నలకొకమారు ప్రశ్న సంఖ్యను, వరుస సంఖ్యను పైకి చదివించుచున్నది. వాడు విసుగుకొనుచునే చదువుచున్నాడు.