మెదకు దారిలో పదకొండు సైకిళ్లు



2024 డిసెంబరు మొదటివారంలో మా సంఘ యౌవనస్థులము పదకొండుమందిమి సికింద్రాబాదు నుండి మెదకు దేవాలయానికి సైకిళ్లపై వెళ్లాము. దాదాపు 100 కిలోమీటర్లు. ప్రార్థన చేసికొని బయలుదేరేసరికి చలికి వేళ్లు కొంకర్లు పోతున్నవి. నర్సాపూర్ అడవిలో గాని ఎండ తగలలేదు.

ఆ దేవాలయపు రంగు అద్దాల కిటికీలు వెలుపలి సూర్యకాంతితోనే కనబడతాయి. శీతకాలపు పొద్దు త్వరగా వాలుతుంది గనుక వెలుగుండగానే చేరాలని అందరి ఆశ. అయితే మాలో చిన్నవాడికి పిక్కలు పట్టేశాయి.

"నన్ను వదిలి వెళ్లండన్నా" అన్నాడు.

"నువ్వే ముందు తొక్కు తమ్ముడూ, నీ వెనుక మేమొస్తాం" అన్నాడు పెద్దవాడు.

పిల్లల నడకనుబట్టి మెల్లగా సాగిన యాకోబు జ్ఞాపకం వచ్చాడు.

చేరేసరికి చీకటిపడింది, కిటికీలు నల్లగా ఉన్నవి. అయినా ఎవరూ సణగలేదు. కరువునాట ఆకలిగొన్నవారికి పనీ అన్నమూ ఇచ్చి పాస్నెట్ దొరగారు కట్టించగా, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మందిరమది. బలహీనుల చేతులే దానిని లేపాయి.

మరునాటి ఉదయం ఆరోహణ కిటికీలో వెలుగు నిండగా పదకొండుమందిమి కలిసి చూచాము.

మన కుటుంబములలో, సంఘములలో వెనుకబడినవారి కొరకు మన వేగము తగ్గించుకొందుము గాక!