బుస్సీ దొర తేవడం మరిచిన సీసా!

మా బొబ్బిలి పేరు చెప్పగానే మీకేం గుర్తొస్తుంది? వీణలు అన్నవారు సంగీతజ్ఞులు. ‘బొబ్బిలి యుద్ధం’ (1964), ‘బొబ్బిలి పులి’ (1982), ‘బొబ్బిలి బ్రహ్మన్న’ (1984), ‘బొబ్బిలి రాజా’ (1990) అన్నవారు నాలాంటివారు! 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ మా కోట మీదికి ఫిరంగులు తోలుకొచ్చాడు. ద్రాక్షసారాకి పేరుమోసిన దేశం వాడు గదా, ఆ ఫిరంగుల బదులు నాలుగు పీపాలు దొర్లించుకొచ్చి ఉంటే తాండ్ర పాపారాయుడికి అంత శ్రమ ఉండేది కాదేమో అని అప్పుడప్పుడు నేను వెర్రి ఊహలు పోతుంటాను. నవ్వకండి. ఇంతకీ నేను చెప్పబోయేది రెడ్ వైను సంగతి.

మీ ఊళ్ళో లాగే మా ఊళ్ళోనూ మందు దుకాణం బోర్డు మీద ‘వైన్స్’ అనే ఉంటుంది. పుణె నుంచి సెలవులకొచ్చిన ఒకసారి, ఆ బోర్డును నమ్మి లోపలికెళ్ళి “రెడ్ వైను ఉందా బాబూ?” అని అడిగాను. కౌంటరు దగ్గర కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. “విస్కీ ఉంది, బ్రాందీ ఉంది, రమ్ము ఉంది, బీరు చల్లగా ఉంది. వైనేటండీ?” అన్నాడు. టైటిల్సులో పేరు పడి, సినిమా అంతా వెతికినా కనబడని నటుడి గతే మన తెలుగునాట వైనుకి పట్టింది!

నేను వైను మొదటిసారి రుచి చూసింది 27వ యేట, పుణెలో ఉద్యోగం చేస్తుండగా. అంతవరకూ వైనంటే నా దృష్టిలో క్లబ్బు పాటే. జ్యోతిలక్ష్మో జయమాలినో డాన్సు చేస్తుంటే విలన్ చేతిలో ఊగే ఎర్రటి గ్లాసు. తియ్యగా షర్బతులా ఉంటుందనుకుని గుటకేశాను. నాలుక పిడచకట్టుకుపోయింది, దవడలు పట్టేశాయి. “ఇది పాడైపోయింది” అన్నాను. పక్కనున్న మరాఠీ మిత్రుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

పాడవలేదు, దాని గుణమే అది. టానిన్ అంటారట ఇంగ్లీషులో. మనకి అంతకంటే మంచి మాట ఉంది - వగరు. నేరేడుపండు తిన్నాక, పలాస వైపు జీడితోటల్లో జీడిమామిడి పండు కొరికాక, నోరెలా పట్టేస్తుందో అదీ ఇదీ ఒకటే. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వస్తుందది. రంగూ తొక్కదే. నల్లద్రాక్షని పిండి చూడండి, రసం దాదాపు తెల్లగానే వస్తుంది. తొక్కలతో కలిపి పులియబెడతారు గనుక ఆ ఎరుపు, ఆ వగరు. ఈ సంగతి తెలిశాక వైను నాకు పరాయి వస్తువులా అనిపించలేదు. వేసవిలో నేరేడు చెట్టు కింద ఏరుకు తిన్నవాడికి ఇదేమంత కొత్త?

సరే, పేర్లు చెప్పమంటారా? 21 ఏళ్ళు నిండని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇక్కణ్ణుంచి రెండు పేరాలు దాటేసి ఇంటర్వెల్ తర్వాత రండి, చట్టం ఒప్పుకోదు.

మొదటిసారి తాగేవాళ్ళకి నేను చెప్పేది షిరాజ్ రకం. నాసిక్ దగ్గర సులావాళ్ళు దిండోరి రిజర్వ్ అని ఒకటి చేస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరియాల వాసన తగులుతుంది. మిరియం ఎవరూ కలపరు సుమండీ, ఆ ద్రాక్షకి పుట్టుకతో వచ్చిన ఘాటది. మా ఇళ్ళల్లో మిరియం దట్టంగా వేసి వండే వేటకూరకి ఇంతకు మించిన జోడీ లేదు. రెండోది షోలాపూర్ జిల్లా అక్లూజ్ వైపు ఫ్రాటెల్లివాళ్ళ సాంజివేసే. ఇటలీ ద్రాక్ష. ఇందులో వగరు కంటే పులుపు ముందుంటుంది, చింతచిగురు కూర అలవాటైన నోటికి ఇట్టే నచ్చుతుంది. మూడోది బెంగుళూరు పక్క నందికొండల గ్రోవర్‌వాళ్ళ లా రిజర్వ్, కాబర్నే, షిరాజ్ కలిపింది. మూడింట్లో బరువైనది ఇదే. దీన్ని మొదటిసారే పట్టకండి. టిక్కెట్టు దొరికింది కదాని సెకండాఫ్ నుంచి సినిమా చూసినట్టుంటుంది. పన్నులు రాష్ట్రానికో తీరు గనుక కచ్చితమైన ధర చెప్పను గాని, ఇవన్నీ వెయ్యి రూపాయలకి అటూ ఇటూ తిరిగేవే. అంతకన్న బాగా తక్కువకి దొరికేవి ఎక్కువగా తియ్యటి పోర్టు రకాలు. పెద్దవాళ్ళు తలుచుకునే హైదరాబాదు గోల్కొండ రూబీ ఆ బాపతే. అది వేరే కథ. నేను సీసా కోసం విశాఖ వెళ్ళాల్సిందే, పాసింజరు రైల్లో.

‘రెడ్ వైను గది వేడిలో తాగాలి’ అని పుస్తకాల్లో రాస్తారు. ఆ గది ఫ్రాన్సులోది, మన మే నెల మేడగది కాదు! అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరచెంబు మూతలాంటి మూతలే ఎక్కువ సీసాలకి, కార్కు పీకే యంత్రాలు అక్కర్లేదు. 750 మిల్లీల సీసాలో ఐదు గ్లాసులొస్తాయి. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటుంది, ఆ తర్వాత పులిసిపోతుంది. అన్నట్టు, 2004లో వచ్చిన ‘సైడ్‌వేస్’ అనే హాలీవుడ్ సినిమా చూశారా? హీరోకి మెర్లో అనే ద్రాక్షంటే చచ్చే అసహ్యం. ఆ సినిమా దెబ్బకి అమెరికాలో మెర్లో అమ్మకాలే దెబ్బతిన్నాయి. తమాషా ఏమిటంటే, చివర్లో అతగాడు ఫలహారశాలలో వాడి పారేసే గ్లాసులో దొంగచాటుగా తాగే అపురూపమైన 1961 నాటి సీసాలో మెర్లో కూడా ఉంటుంది! సినిమావాళ్ళు చెప్పారని ఏదీ నమ్మకండి. మన ‘దేవదాసు’ (1953) చూసి కళ్ళు తడుపుకున్నవాళ్ళెందరో. ఆ మత్తు కళ్ళ కోసం అక్కినేనివారు రాత్రిపూట కడుపునిండా పెరుగన్నం తిని షూటింగు చేశానని స్వయంగా చెప్పుకున్నారు. పెరుగన్నం!

ఇక ఇంటర్వెల్ తర్వాత కథ.

1990లో మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని ‘బొబ్బిలి రాజా’కి తీసుకెళ్ళాడు. నాకు ఏడేళ్ళు. మన ఊరి పేరే సినిమాకి పెట్టారని ఎంత మురిసిపోయానో! ఫస్టాఫ్ అంతా నాన్న నాతో పాటు ఈలలేశాడు. విశ్రాంతిలో “ఇప్పుడే వస్తా” అని వెళ్ళినవాడు, వచ్చి కూర్చునేసరికి ప్యాకెట్టు సారా వాసన. సెకండాఫ్ నాకు గుర్తులేదు. ఆ రాత్రి ఇంట్లో జరిగింది మాత్రం రీలు రీలూ గుర్తుంది. జూట్ మిల్లు పని, కూలి డబ్బులో సగం ఆ ప్యాకెట్లకే. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మా నాన్న అంతకు ఏడాది ముందే పోయాడు, లివరు చెడి. మా అమ్మ కుట్టుమిషను తొక్కి నన్ను చదివించింది.

అందుకే కాబోలు, పుణె వదిలేసి ఊరొచ్చేశాక రెండేళ్ళపాటు సీసా ఇంట్లోకి తేలేదు. పోయిన సంక్రాంతికి తెచ్చాను. దాచలేదు, వంటింట్లో గట్టు మీదే పెట్టాను. దాచడం మొదలెడితే అది మా నాన్న దారే అవుతుందని నా భయం.

అమ్మ సీసా ఎత్తి దీపం వెలుగులో చూసింది. మూత తీయించి వాసన చూసింది.

“ఏటిరా ఇది, ద్రాక్షారిష్టమా?”

“అలాంటిదే అమ్మా.”

“మత్తొస్తాదా?”

“వస్తుంది. విస్కీలో మూడోవంతు మత్తుంటుంది దీన్లో.”

“గుండెకి మంచిదని అంతన్నారు గదా టీవీలో?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఎంత తక్కువైనా మద్యం క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళు 2023లోనే అన్నారని చెప్పాను. “రుచి కోసమే తాగుతానమ్మా” అన్నాను. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే దించి, నావైపు తిరక్కుండానే అడిగింది.

“ఇది తాగితే చెయ్యి లేస్తాదా?”

నా దగ్గర జవాబు లేదు. లేవదని చెప్పడానికి నాకేం హక్కుంది? నాన్న కూడా మొదటి రోజు లేవదనే అనుకుని ఉంటాడు. “లేస్తే ఆ రోజే ఆఖరమ్మా” అన్నాను. ఆవిడ తల ఊపిందో లేదో కనబడలేదు.

ఆ రాత్రి మా ఆవిడ ఒక గుక్క తాగి, ‘నేరేడు చారులా ఉంది’ అని మొహం చిట్లించి గ్లాసు నాకే ఇచ్చేసింది. నేను ఆ గ్లాసే తాగాను, వేటకూరతో. భోజనాలయ్యాక అమ్మ పూలు కట్టుకునే దారం ఉండ తెచ్చింది. సీసాలో ఎరుపు ఎక్కడికుందో చూసి, సరిగ్గా అక్కడ చుట్టూ దారం కట్టి ముడేసింది. ఫ్రిజ్‌లో పెట్టి తలుపేసింది.

“ఐదు గ్లాసులన్నావు. ఒకటయ్యింది” అంది.

ఇప్పటికి మా ఇంట్లో ఆరు సీసాలయ్యాయి, నెలకొకటి మించలేదు. సీసా ఉన్న రోజుల్లో అమ్మ తెల్లారే లేచి, కాఫీకి నీళ్ళు పడేసే ముందు ఫ్రిజ్ తలుపు తీస్తుంది. దారం ఎక్కడుందో, ఎరుపు ఎక్కడుందో చూసుకుని, అప్పుడు పాలగిన్నె బయటికి తీస్తుంది.